గండికోట బండ మీద మేకు దిగదు

సంపాదకుల వారికి,

చలికాలంలో శనివారం వచ్చిందంటే తిరుపతి నుంచి బైకులు గుంపులుగా గండికోట దారి పడుతున్నాయి. కోడూరు, రాజంపేట, కడప, జమ్మలమడుగు మీదుగా 200 కిలోమీటర్లు దాటే ప్రయాణం. ఇంజనుకు అదొక లెక్క కాదు. తిప్పలన్నీ టెంటు నిలబెట్టడంలో, సామాను కట్టడంలో వస్తాయి.

పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ అది. అంచు వెంబడి అంతా బండరాయి. టెంటుతో ఇచ్చే మేకు అక్కడ వంగుతుందే గాని దిగదు. కాబట్టి మేకులు లేకుండా నిలబడే డోమ్ టెంటే తీసుకుపోవాలి. దాని తాళ్లను రాళ్లకు చుట్టి కట్టొద్దు. రాతి అంచుకు రాత్రంతా ఒరుసుకుంటే తెల్లారేసరికి తెగుతాయి. తాడు చివర ముడిలో జానెడు కర్ర బిగించి, కర్రకూ టెంటుకూ మధ్య తాడు మీద పది కిలోల రాయి, నున్నటి వైపు కిందికి ఉండేలా పెట్టండి. గాలి లాగినకొద్దీ కర్ర రాయిని ఆనుకొని బిగుస్తుంది. తాడు వదులైతే రాయిని కర్రతో పాటు కాస్త అవతలికి జరిపితే సరి. పొద్దు గుంకేది చూడ్డానికి పోయేముందు బ్యాగులన్నీ లోపల పెట్టాలి. ఖాళీ టెంటు గాలిపటమే, దారం కూడా ఉండదు.

సామానులో బరువైనవి సీటుకు ఆనుకొని, కిందికి ఉండాలి. నీళ్ల క్యాను వెనక క్యారియర్ చివర కడితే ముందు చక్రం తేలికై, వేగంలో హ్యాండిల్ ఊగుతుంది. కొక్కేల రబ్బరు తాడు ఊడితే నేరుగా చైనులోకే పోతుంది. బకిల్ ఉన్న పట్టీలు కట్టి, మిగిలిన కొసల్ని ముడి వేయండి. సంచి సైలెన్సర్‌కు తగలకూడదు. టైర్లకు, ఇద్దరు కూర్చుంటే ఎంతని కంపెనీ రాసిందో అంత గాలి, తెల్లారి బండి చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. దారిలో వేడికి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిందని తీసేయకండి. వెనక బరువుకు హెడ్‌లైట్ పైకి లేస్తుంది, దాన్నీ దించుకోవాలి.

పక్కపక్కన నాలుగు బండ్లు పోతే ఫొటోకు బాగానే ఉంటుంది, ఎదురుగా కోడూరు అరటి లారీ వచ్చేదాకా. 60 వేగంలో ముందు బండికి 33 మీటర్లు, అంటే రెండు సెకన్ల దూరం ఉండాలి. కొత్తగా నడిపేవాళ్లు రెండో స్థానంలో, పంచర్ కిట్టు ఉన్నవాళ్లు ఆఖర్న. వెనకవాళ్లు అందుకోవడానికి తొక్కేస్తున్నారంటే ముందు బండి తగ్గాలి.

జమ్మలమడుగులో పెట్రోలు, తలకు ఐదు లీటర్ల నీళ్లు నింపుకొని వెలుగుండగానే పైకి చేరండి. లోయ అంచున అన్నిచోట్లా కంచె లేదు. టెంటు యాభై అడుగులైనా లోపలికి వేసి, రాత్రి లేస్తే ఏ వైపు నడవాలో పడుకోబోయే ముందే టార్చి వేసి అందరికీ చూపించండి.

— కొందరు బైకు ప్రయాణికులు, తిరుపతి