కరివేపాకు కుండీ దగ్గర పది నిమిషాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పునర్వసు కార్తె వచ్చింది. నాలుగు వానలు పడేసరికి పెరట్లో కరివేపాకు, కుండీలో నిమ్మ లేత చిగుళ్లు వేస్తున్నాయి. ఈ నెల 3వ తరగతి నుంచి 7వ తరగతి దాకా పిల్లలందరికీ ఒకటే ఇంటిపని ఇస్తున్నాం. ఇంటి దగ్గర ఒక చోటు ఎంచుకుని రోజూ పది నిమిషాలు అక్కడ కూర్చోవాలి, చూసింది చూసినట్టు రాయాలి. ఇందులో మీ సాయం కావాలి. ఏం చేయాలో, ఇంకా ముఖ్యంగా ఏం చేయకూడదో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. ఈ నాలుగు మాటలూ, వాటి మధ్య బాణం గుర్తులూ పిల్లలు ఒక్క పూటలో కంఠతా పట్టేస్తారు. అదే గుడ్డు ఎంత ఉంటుంది, పురుగుకు కాళ్లెన్ని, అది ఏ ఆకు తింటుంది అని అడిగితే తెల్లమొహం వేస్తారు. బాణం గుర్తు ఉన్నచోట నిజానికి రోజులూ వారాలూ ఉంటాయి. వాటిని చూడడానికి అడవికి వెళ్లక్కర్లేదు. కరివేపాకు కుండీ చాలు.

మన ఇళ్ల దగ్గర కరివేపాకు, నిమ్మ, బత్తాయి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు ముఖ్యంగా రెండు రకాలు. కామన్ మార్మన్ నల్లగా ఉంటుంది, మగదాని వెనక రెక్కల మీద తెల్లమచ్చలు వరసగా ఉంటాయి. లైమ్ బటర్‌ఫ్లైకి నల్లరెక్కల నిండా లేత పసుపు మచ్చలు. తల్లి చిగురు మీద వాలీ వాలనట్టు వాలి, ఒక్క గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది. అది ఆవగింజ కంటే చిన్నది, గుండ్రంగా లేత పసుపు రంగులో ఉంటుంది. లేత ఆకుల్ని పైనా కిందా ఓపిగ్గా వెతికితే తప్ప కనబడదు. దొరికిన రెమ్మకు రంగుదారం వదులుగా కట్టించండి. లేకపోతే మర్నాడు ఏ రెమ్మో గుర్తుండదు.

మూడు నుంచి ఐదు రోజుల్లో గుడ్డు పగులుతుంది. బయటికొచ్చిన పురుగు మొదట తినేది ఆ గుడ్డు పెంకునే. అప్పుడది గోధుమ నలుపు రంగులో, నడుమ తెల్లమచ్చతో, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిల్లలు చాలామంది పొరపడేది ఇక్కడే. 'ఆకు మీద రెట్ట ఉంది, పురుగేమీ లేదు' అని రాసుకొస్తారు. తప్పని కొట్టేయకండి. పిట్టలు కూడా సరిగ్గా అలాగే పొరబడి దాన్ని వదిలేస్తాయి. మర్నాడు ఆ 'రెట్ట' కాస్త జరిగి ఉంటుంది, పక్కన ఆకు అంచు కొరికి ఉంటుంది. అది పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి.

పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. కుబుసం విడిచే ముందు తినడం మానేసి కదలకుండా ఉండిపోతుంది. చచ్చిపోయిందనుకుని పారేయడం, పుల్లతో పొడవడం ఈ దశలోనే ఎక్కువ. ఒకటి రెండు రోజులు ఆగమనండి. నాలుగోసారి విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోతుంది. ఆ తర్వాత దాని ఆకలి చూడాలి! మొత్తం జీవితంలో తినేదాంట్లో ఎక్కువ భాగం ఈ ఆఖరి దశలోనే తింటుంది. కుండీ కింద తెల్లకాగితం పరిస్తే మేక పెంటికల్లాంటి నల్లటి చిన్న గుళికలు రాలి ఉంటాయి. పురుగు కనబడకపోయినా, అది ఎక్కడుందో ఆ గుళికలే చెబుతాయి.

ఈ పచ్చ పురుగు బొమ్మ గీసేటప్పుడు పిల్లలు రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది కళ్లు. ముందుభాగంలో ఉబ్బెత్తుగా ఉన్నచోట రెండు పెద్ద కళ్లలాంటి మచ్చలుంటాయి, అవి ఉత్త మచ్చలు. అసలు తల దాని కిందకు ముడుచుకుని చిన్నగా ఉంటుంది, ఆకు కొరికేటప్పుడే బయటికి కనిపిస్తుంది. రెండోది కాళ్లు. గీసేటప్పుడు 'చాలా కాళ్లు' గీసేస్తారు, లెక్కపెట్టరు. తల వెనకాలే సన్నటి గోళ్లలాంటి కాళ్లు మూడు జతలు. తర్వాత కొంత ఖాళీ. ఆ తర్వాత మెత్తటి బొడిపెల్లాంటి కాళ్లు నాలుగు జతలు, తోక చివర ఇంకో జత. మొత్తం పదహారు. రెక్కలొచ్చాక మిగిలేవి ఆ ముందు ఆరు స్థానాల్లోని కాళ్లే. ముందు లెక్కపెట్టించి, తర్వాత గీయించండి. లెక్క మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.

పురుగును మెత్తటి కుంచెతో ఒక్కసారి తాకితే తల వెనకనుంచి పంగలకర్రలాంటి కొమ్ము ఒకటి బయటికొస్తుంది, ఘాటైన పుల్లటి వాసన వస్తుంది. శత్రువుల్ని బెదిరించే ఏర్పాటు అది. ఒక్కసారి చాలు. సరదాకి పదేపదే చేస్తే పురుగు నీరసిస్తుంది.

రెండు మూడు వారాలకు తిండి మానేస్తుంది, కాస్త నీళ్లగా విసర్జిస్తుంది, చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కుండీ దిగి గోడ దాకా నడిచిపోవడం మామూలే. 'పురుగు పారిపోయింది' అని ఏడ్చే రోజు ఇదే. అందుకే ఆకుపచ్చ పురుగు కనబడగానే కుండీలో రెండు మూడు ఎండుపుల్లలు నిలువుగా గుచ్చి ఉంచండి. తోక కొసను పట్టుదారపు ముద్దకు అతికించుకుని, నడుము చుట్టూ మరో దారం వేసుకుంటుంది. తాటిచెట్టు మీద గీత కార్మికుడు మోకుకు ఆనుకున్నట్టు ఆ దారానికి ఆనుకుని ఉండిపోతుంది. మర్నాటికి ప్యూపా అవుతుంది. పచ్చటి కొమ్మ మీద ఉన్నది తరచూ పచ్చగా, ఎండుపుల్ల మీద ఉన్నది తరచూ గోధుమరంగులో ఉంటుంది. మీ ఇంట్లో ఏది వచ్చిందో రాయమనండి.

ఎనిమిది నుంచి పన్నెండు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. పిల్లలు నోట్‌బుక్ పక్కన పడేసేది ఈ రోజుల్లోనే. 'ఇవాళ మార్పు లేదు' అన్న వాక్యం కూడా పరిశీలనే, దాన్ని తేదీ వేసి రాయాలి. ప్యూపా నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు బయటికి కనబడుతున్నాయంటే ఒక రోజులో వచ్చేస్తుందని గుర్తు. ఎక్కువగా పొద్దున పూటే బయటికొస్తుంది. రెక్కలు తడిగా నలిగి ఉంటాయి, అవి పూర్తిగా విచ్చుకుని ఆరడానికి గంట రెండు గంటలు పడుతుంది. ఆ సమయంలో చెయ్యి తగిలితే రెక్క వంకరపోతుంది, ఇక ఎప్పటికీ ఎగరలేదు. కింద పడే రెండు మూడు మురికి రంగు చుక్కలు రక్తం కాదు, ప్యూపాలో పేరుకున్న వ్యర్థం.

పురుగును ఇంట్లోకి తేకుండా మొక్క మీదే ఉంచి చూడడం మేలని మా అభిప్రాయం. తప్పనిసరై సీసాలో పెంచితే ఒకటి, మహా అయితే రెండు. మూతకు బదులు పలచటి బట్ట కట్టాలి. బిగించిన మూత కింద చెమ్మ చేరి, మలం బూజుపట్టి, పురుగు జబ్బుతో నల్లబడి చచ్చిపోతుంది. మలం రోజూ తీసేయాలి. రెమ్మను చిన్న నీళ్లసీసాలో పెడితే ఆకు వాడదు కానీ, సీసా మూతిలో దూది కూరకపోతే పురుగు కాడ వెంట దిగి నీళ్లలో పడుతుంది. బజారు కరివేపాకు పెట్టవద్దు. దాని మీద పురుగుమందు మిగిలి ఉండవచ్చు, కడిగినా పూర్తిగా పోకపోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా చాలా గుడ్లు సీతాకోకచిలుకలు కావు. గుడ్డు నల్లబడి ఉండిపోతే, ప్యూపాకు సూదిబెజ్జం లాంటి రంధ్రం ఉంటే, కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి పురుగు దాంట్లో తన గుడ్లు పెట్టిందని అర్థం. చీమలు, సాలీళ్లు, పిట్టలు కూడా తమ వాటా తీసుకుంటాయి. పిల్లలు బాధపడతారు, పడనివ్వండి. ఆ రోజు పేజీ మాత్రం ఖాళీగా వదలనివ్వకండి. ఎన్ని గుడ్లు చూశాం, ఎన్ని మిగిలాయి అన్న లెక్క మాకు సీతాకోకచిలుక బొమ్మ కంటే విలువైనది.

ఇక నోట్‌బుక్ సంగతి. గీతల్లేని 100 పేజీల పుస్తకం, పెన్సిల్, మిల్లీమీటర్లున్న స్కేలు, ఒక దారం ముక్క చాలు. పెన్ను వద్దు, వాన చుక్క పడితే సిరా అలుక్కుపోతుంది. రోజూ రాయాల్సినవి తేదీ, టైము, ఆకాశం ఎలా ఉంది, ఏం కనబడింది, పొడవు ఎంత, ఒక ప్రశ్న. వంకరగా ఉన్న పురుగు పక్కన దారం పెట్టి వంపు వెంట కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పరవాలి. రాయడం అక్కడే, అప్పుడే జరగాలి. రాత్రి గుర్తుచేసుకుని రాస్తే చూసింది కాక, ఉండాలనుకున్నది రాస్తారు. భూతద్దం ఉంటే దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని ఆకును దాని దగ్గరికి తేవాలి. చెయ్యి చాచి పట్టుకుంటే అంతా మసకగానే ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీయవచ్చు, అయితే బొమ్మ గీశాకే. ముందే తీస్తే పిల్లలు ఫొటోను చూసి గీస్తారు, పురుగును చూడరు.

పేజీలను కార్తెల వారీగా విభజించమని చెప్పాం. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. పురుగుల్లో, చిగుళ్లలో, వానలో మార్పు తెలియడానికి నెల ఎక్కువ, వారం తక్కువ. పక్షం రోజుల ఈ కొలత బాగా కుదురుతుంది. ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే కార్తెల సామెతలు చెప్పించి పేజీ పైన రాయించండి. సామెత చెప్పినట్టు జరిగిందో లేదో కింద పిల్లలు రాస్తారు.

దానికి వానకొలత కావాలి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి. నడుము నొక్కులు లేకుండా నిటారుగా ఉన్నదే పనికొస్తుంది, నొక్కులుంటే లెక్క తప్పుతుంది. పైనుంచి 10 సెంటీమీటర్ల దగ్గర కోసి, ఆ ముక్కను మూత తీసి తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నిటారు భాగం మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టండి. అక్కడినుంచి మిల్లీమీటర్ల కాగితం అతికించి పైన టేపు వేయండి. గోడకూ చెట్టుకూ వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉంచాలి. రోజూ పొద్దున 8:30కి చూడాలి, వాతావరణ శాఖ వర్షపాతం లెక్కకట్టేదీ ఆ వేళకే. చూడగానే మళ్లీ సున్నా గీత దాకా తేవాలి. వాన లేని వారం కూడా నీళ్లు మార్చకపోతే దాంట్లో దోమపిల్లలు పెరుగుతాయి.

మొక్కలు పెట్టుకునే వీలు లేని ఇళ్లకు చీమలున్నాయి. గుమ్మం ముందు అరచేయంత ముగ్గులు రెండు వేయండి. ఒకటి బియ్యప్పిండితో, ఇంకొకటి బజార్లో కొన్న రాతి ముగ్గుపిండితో. రెండింటి మధ్య ఒక అడుగు దూరం ఉండాలి. ఐదేసి నిమిషాలకోసారి అరగంట పాటు ఏ ముగ్గు దగ్గర ఎన్ని చీమలున్నాయో రాయాలి. బారు కట్టాక దారికి అడ్డంగా తడివేలితో ఒక్కసారి తుడిచి చూడండి. చీమలు అక్కడ ఆగి తడబడతాయి, ఎందుకంటే అవి నడిచేది ముందు చీమలు వదిలిన వాసన వెంట. గాలి, వాన ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

మొన్న ఆరుద్ర కార్తెలో చాలామంది పిల్లలు ఎర్రటి మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెల్లో గడ్డి పరిచి తెచ్చారు. వాటికి ఎనిమిది కాళ్లు, సాలీడు బంధువులు, గడ్డి తినవు. అగ్గిపెట్టెలో ఎండిపోయి చచ్చిపోతాయి. ఇంకా ఎక్కడైనా కనబడితే నేలమీదే లెక్కపెట్టి వదిలేయమనండి.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. ఈ కాలంలో చెప్పులు లేకుండా గడ్డిలోకి వెళ్లకూడదు, కన్నాల్లో చెయ్యి పెట్టకూడదు. రాయి ఎత్తాల్సివస్తే పెద్దవాళ్లే పుల్లతో అవతలి అంచును తమవైపు లేపాలి, అప్పుడు కింద తేలు ఉన్నా అవతలికి పోతుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయాలి. మునగచెట్టు మొదట్లో గుంపులుగా ఉండే వెంట్రుకల గొంగళిపురుగుల్ని ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి. వెంట్రుకలున్నది ఏదైనా సరే, దూరం నుంచే చూడాలి.

మీరు ఆపుకోవాల్సింది ఒకటుంది, పేరు చెప్పేయడం. 'అమ్మా, ఇదేంటి?' అని అడగ్గానే పేరు చెబితే పిల్లలు అది రాసుకుని లేచిపోతారు. 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?', 'నీకెలా తెలిసింది?' అని తిరిగి అడగండి. పేరు రెండు రోజులు ఆగి చెప్పినా నష్టం లేదు. బొమ్మ మీరు గీసివ్వకండి. మార్కులు బొమ్మ అందానికి లేవు, తేదీ తప్పకుండా రాసినందుకు, కొలతకు, ప్రశ్నకు ఉన్నాయి.

నోట్‌బుక్కులు ప్రతి శనివారం బడికి పంపండి, సోమవారం తిరిగిస్తాం. మొక్క లేనివాళ్లు పొద్దున ప్రార్థనకు పావుగంట ముందు వస్తే బడి వెనకాల కరివేపాకు చెట్ల దగ్గర కూర్చోవచ్చు, అక్కడొక టీచరు ఉంటారు. ఆగస్టు నెలాఖరు దాకా కరివేపాకుకూ నిమ్మకూ ఏ మందూ కొట్టకండి. మొక్క మరీ చిన్నదైతే రెండు పురుగుల్ని ఉంచి, మిగతావాటిని రెమ్మతో సహా పక్కింటి చెట్టు మీదికి మార్చండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు