తేలినీలాపురం గూళ్ళ దగ్గర ఒక కెమెరా పెట్టించండి

సంపాదకులకు,

ఏటా చలికాలం మొదట్లో పత్రికల్లో ఒక వార్త వస్తుంది. సైబీరియా నుంచి వేల మైళ్ళు దాటి విదేశీ అతిథులైన పక్షులు టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం చేరాయని. నేను టెక్కలిలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ వార్త చదివినప్పుడల్లా చిరాకేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మాయ సంగతి చెప్పాలి.

మాయ ఒక ఆడ గద్ద. ఇంగ్లండులో రట్లండ్ వాటర్ అనే పెద్ద జలాశయం ఉంది. అందులో నీళ్ళ మధ్య పాతిన స్తంభం మీద దాని గూడు. అక్కడివాళ్ళు ఆస్ప్రే అంటారు, మన పాతవాళ్ళ మాటలో కొరమీను గద్ద. దానికి చేపే తిండి. గూటి పక్కనే కెమెరా బిగించి లైవ్ ఇస్తుంటారు. రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషనై నేను మంచం మీదుంటే, లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి "సీరియళ్ళు మానేసి ఇది చూడమ్మా" అని లింకు పంపాడు.

మనకి తొమ్మిదిన్నర అయ్యేసరికి అక్కడ తెల్లారుతుంది. కుక్కర్ దించి ఫోన్ పట్టుకు కూర్చునేదాన్ని. మగదానికి పేరు లేదు, కాలి రింగు మీది అంకెని బట్టి 33 అంటారు. చేప తలకాయ ముందే తినేసి మిగతాది గూటికి తెస్తాడు. మా ఇంట్లో చేప తలకాయ ఎవరి కంచంలోకి వెళ్తుందో నలభై ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి అందులో నాకు వింతేం కనిపించలేదు. కాకపోతే మాయ తిని వచ్చేదాకా గుడ్ల మీద ఆయనే కూర్చుంటాడు. అది మాత్రం వింతే.

ఒకరోజు అక్కడ తెల్లారినప్పటి నుంచీ ఒకటే వాన. పిల్లలు పుట్టి వారం కూడా కాలేదు. మాయ రెక్కలు సగం విప్పి వాటిని కప్పుకుని కూర్చుంది. ముక్కు చివర్నించి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. 33 జాడ లేదు. ఇక్కడ నాకు టెన్షన్. పక్కింటి కోడలు గోడ మీంచి "ఏటి పిన్నీ, ఇంకా రానేదా మీ గద్ద?" అని రెండుసార్లు అడిగింది. అప్పటికే మా వీధిలో నలుగురు ఆడవాళ్ళం చూస్తున్నాం లెండి. చేప వచ్చేసరికి మనకి సాయంత్రం ఆరు దాటింది. అప్పుడు గానీ నేను టీ పెట్టుకోలేదు.

ఆగస్టు వచ్చాక తల్లి ముందు వెళ్ళిపోతుంది. తర్వాత పిల్లలు, దారి చూపేవాళ్ళు లేకుండా, ఒక్కొక్కటిగా పశ్చిమ ఆఫ్రికాకి. ఆ నెల నేను లైవ్ సరిగా చూడలేను.

ఆ పక్షి ఒకప్పుడు ఇంగ్లండులో పూర్తిగా పోయిందట. 1996లో స్కాట్లాండ్ నుంచి పిల్లల్ని తెచ్చి వదలడం మొదలుపెడితే 2001లో రట్లండ్‌లో తొలి పిల్ల పుట్టింది. మనకి అలా తెచ్చుకునే పని లేదు. తేలినీలాపురంలో ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలకొద్దీ గూళ్ళు కడుతున్నాయి. ఇవి సైబీరియా పక్షులు కావు. మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో పుట్టి పెరిగేవే. సైబీరియా చలికి తాళలేక వచ్చే పక్షి నాలుగు నెలలు తిండి తిని వెళ్ళిపోతుంది, ఇక్కడ గుడ్లు పెట్టదు. ఇవి ఇక్కడే పెడతాయి, నౌపడ వైపు చిత్తడి నేలల్లో చేపలు పట్టి పిల్లల్ని సాకుతాయి. ఆ ఊరివాళ్ళు వీటిని మా ఆడపడుచులు అంటారు. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లని ఎవరైనా విదేశీ అతిథి అంటారా?

పోయిన సంక్రాంతికి వెళ్ళాను. మోకాలి వల్ల పక్షుల్ని చూసే టవర్ ఎక్కలేక కిందే నిలబడ్డాను. కొందరు కుర్రాళ్ళు రీల్ కోసం పక్షులన్నీ ఒక్కసారి లేవాలని చప్పట్లు, ఈలలు. ఆ గోలలో ఒక పిల్ల కొమ్మ మీంచి జారి కింద పడింది. ఎదురింటి ముసలమ్మ చేటతో సహా లేచి వాళ్ళని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అటవీ శాఖ వారు ఆ చెట్ల దగ్గర ఒకటి రెండు కెమెరాలు పెట్టి లైవ్ ఇస్తే, చెట్టు కిందికి వచ్చే జనం కొంతైనా తగ్గుతారు. నాలాంటి మోకాళ్ళవాళ్ళు, పొట్టకూటికి చెన్నై, ముంబై వెళ్ళిన మన జిల్లావాళ్ళు ఉన్నచోటే చూస్తారు. సాధ్యం కాదనకండి. మా వీధిలో పెళ్ళిళ్ళే యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి. ఒక్క మాట, బిగించేదేదో మే, జూన్‌లలో చెట్లు ఖాళీగా ఉన్నప్పుడే బిగించాలి. పక్షులు గూళ్ళు కట్టడం మొదలుపెట్టాక నిచ్చెన వేస్తే బెదిరి లేచిపోతాయి. ఇది కుదిరితే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కొంగల సంగతీ చూడండి.

మా అబ్బాయి ఆఫీసులో ఒకావిడ అడిగిందట, "మీ అమ్మ మా గద్దల్ని చూస్తున్నారు కదా, మీ ఊరి పక్షుల్ని మేమెక్కడ చూడాలి?" అని. వచ్చే చలికాలానికి లింకు పంపుతానని వీడు మాటిచ్చేశాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచరు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా