స్టెంట్లు లెక్కపెడితే గుండె జబ్బు లెక్క తేలదు, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

విషయం: మన్యం మండలాల్లో గుండెపోటు మరణాలు ప్రభుత్వ లెక్కల్లోకి రాకపోవడం గురించి

అయ్యా,

మన్యంలో గుండెపోటుకు వైద్యం అందేలా చూడమని ఇదివరకు ఇచ్చిన అర్జీల రశీదులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రాతపూర్వకంగా జవాబు ఒక్కదానికీ రాలేదు. నోటిమాటగా మాత్రం ఒక అధికారి ఇలా అన్నారు: "మాస్టారూ, మీ ఏరియాలో గుండె కేసులు బాగా తక్కువండీ. ఉచిత వైద్య పథకం కింద ఆసుపత్రులు పెట్టే క్లెయిములు చూస్తే తెలిసిపోతుంది. కేసులు లేనిచోట స్పెషలిస్టుని వేస్తే ఆడిట్ వాళ్లకి ఏం చెప్పుకోమంటారు?" ఆయన మంచివాడే. కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పారు. కానీ ఆ మాట విన్నప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. అర్జీలు పక్కనపెట్టి ఇలా అందరి ముందూ మీకు రాయడానికి కారణం ఆ మాటే.

నా సర్వీసులో సగం గోదావరి డెల్టాలో గడిచింది, సగం మన్యంలో. డెల్టాలో మేమున్న వీధిలో స్టెంటు పడిన ఇల్లు ఏదో అడగక్కర్లేదు, పడని ఇల్లు ఏదో వెతుక్కోవాలి. పెళ్లిళ్లలో బంతిమీద కూర్చున్న పెద్దవాళ్లు తమకెన్ని వేశారో, ఏ డాక్టరు వేశాడో చెప్పుకుంటూ భోంచేస్తారు. రిటైరయ్యాక నేను ఉండిపోయిన మన్యం ఊళ్లోనూ, చుట్టుపక్కల గూడేల్లోనూ స్టెంటు వేయించుకున్న మనిషి ఇంతవరకూ నాకు తారసపడలేదు. ఆఫీసులో కూర్చుని చూస్తే ఈ రెండు ఊళ్ల తేడా జబ్బులో తేడాగా కనిపిస్తుంది. దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను, ఇక్కడ గుండెపోటు వచ్చిన మనిషి స్టెంటు దాకా బతకడం లేదు. క్లెయిము పుట్టాలంటే ముందు రోగి ఆసుపత్రి గడప తొక్కాలి కదండీ.

ఒక్క మరణం గురించి వివరంగా చెబుతాను, దయచేసి ఓపిగ్గా చదవండి. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రాస్తే ఆ రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న నర్సమ్మ మీద వేటు పడుతుంది, అసలు సంగతి అక్కడితో ముగిసిపోతుంది. నలభై నిండని మనిషి. పోడు చేసుకుంటూ, సీజన్లో మిర్చి కోతలకు కూలికి వెళ్లేవాడు. రాత్రి అన్నం తిన్నాక గుండెల మీద బరువు పెట్టినట్టుందన్నాడు, చెమటలు పట్టాయి, ఎడమచెయ్యి లాగింది. ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ అన్నాడు, మాత్ర ఇచ్చి, ఒక ఇంజెక్షన్ చేసి వెళ్లిపోయాడు. నొప్పి తగ్గకపోయేసరికి 108కి ఫోన్ చేద్దామంటే గూడెంలో సిగ్నల్ లేదు. తమ్ముడు గట్టెక్కి ఫోన్ చేశాడు. బండి రోడ్డు దాకా వస్తుంది, రోడ్డు దాకా మనిషిని మోసుకురావాలి. డోలీ కట్టారు. ఆసుపత్రికి చేరేసరికి నొప్పి మొదలై నాలుగు గంటలు దాటింది. అక్కడ ఈసీజీ మిషన్ ఉంది. అది తీసే మనిషి పగటి డ్యూటీ. ఈసీజీ లేకుండా అది గుండెపోటని ఎవరూ తేల్చలేరు, తేల్చకుండా రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎవరూ చెయ్యరు. డాక్టరుగారు ఫోన్లో "రిఫర్ చేసేయండి" అన్నారు. ఘాట్ రోడ్డు సగం దిగాక ప్రాణం పోయింది.

గుండెపోటు వచ్చినవాళ్లకు వెంటనే వైద్యం అందించే ప్రభుత్వ స్టెమీ కార్యక్రమం గురించి నేను మీకు చెప్పేంతవాణ్ణి కాదు. 2023లో మొదలుపెట్టినప్పుడు పత్రికల్లో చదివి అందరికంటే ముందు సంతోషించినవాణ్ణి నేను. నలభై వేల రూపాయల పైచిలుకు ఖరీదున్న టెనెక్టెప్లేస్ అనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉచితంగా వేస్తామన్నారు. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ ఫోన్లోనే పెద్ద డాక్టరుకి చేరుతుందన్నారు. మాలాంటి చోటికే పుట్టిన ఆలోచన అది. గుండె స్పెషలిస్టు కొండెక్కి రానక్కర్లేదు, ఈసీజీ కొండ దిగితే చాలు. నొప్పి మొదలైన మొదటి గంటల్లో మందు పడితే గుండె కండ బతుకుతుంది, గంట గడిచేకొద్దీ చస్తుంది. స్టెంటు వేసే క్యాత్ ల్యాబ్ ఉన్న ఊళ్లో ఈ ఇంజెక్షన్ లేకపోయినా మనిషికి ఇంకో దారి ఉంది. మాకు ఇదొక్కటే దారి. ఆ రాత్రి ఆ ఇంజెక్షన్ అల్మారాలో ఉందో లేదో కూడా మాకు తెలియదు. అడిగే దశ దాకా వెళ్లనేలేదు.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. దారిలో పోయిన మనిషిని ఆసుపత్రివాళ్లు తమ రిజిస్టర్లో రాసుకోలేదు. శవాన్ని వెనక్కి తెచ్చి దహనం చేశారు. భార్యకి వితంతు పింఛను కోసం నేనే దగ్గరుండి పంచాయతీ కార్యదర్శి చేత మరణం నమోదు చేయించాను. కార్యదర్శికి పేరు, వయసు, తేదీ కావాలి. మనిషి దేనివల్ల పోయాడో ఆయన అడగలేదు. అలా రాష్ట్రం లెక్కలో ఆ మనిషి చనిపోయాడు గానీ గుండెపోటుతో చనిపోలేదు. మా మండలంలో ఇలా "రాత్రి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు" అని చెప్పుకునే చావులు ఎన్నో. వీటిలో గుండెపోటు ఏది, పక్షవాతం ఏది, ఇంకేదైనా ఉంటే అదేది? ఎవరూ అడగలేదు కాబట్టి మీ కాగితాల్లో మా ప్రాంతానికి గుండె జబ్బు లేదు.

దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 2020లో నాలుగోవంతు కూడా లేవు. రాసినవాటిలో మాత్రం సుమారు 32 శాతం గుండె, రక్తప్రసరణ జబ్బులవల్ల పోయినవాళ్లవే. మిగిలిన మూడొంతుల్లో మన్యం ఉంది, ఊరవతల పేటలు ఉన్నాయి, లంక గ్రామాలు ఉన్నాయి. తూము దగ్గర నీళ్లు కొలిచి, చివరి ఆయకట్టు తడిసిందని రాసుకుంటున్నాం.

ఇంటింటికీ వెళ్లి అడిగితే లెక్క తేలుతుందని మన రాష్ట్రంలోనే రుజువైంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో ఒక ఏడాదిపాటు ప్రతి మరణం వెంటా ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి వెళ్లి, లక్షణాలు అడిగి, కారణం రాబట్టారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన ఆ పని 2006లో అచ్చయింది. 1,354 మరణాల్లో 32 శాతం రక్తప్రసరణ జబ్బులవే. అంతవరకూ పల్లెల్లో జనం జ్వరాలతోనో విరేచనాలతోనో పోతారనుకున్నవాళ్ల నోళ్లు ఆ అంకె మూయించింది. డెల్టాలో చేసిన ఆ పని కొండమీద ఎందుకు చేయకూడదు? ఆశా కార్యకర్త లేని గూడెం లేదు. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆమెకు అదే రోజు తెలుస్తుంది.

జబ్బు ఎక్కువున్నచోటే చావులు ఎక్కువుంటాయనుకోవడం కూడా పొరపాటే. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2014లో తేల్చింది ఏమిటంటే, బీపీ, కొలెస్టరాల్ వంటి ముప్పులు ధనిక దేశాల్లోనే ఎక్కువ, గుండె జబ్బుతో చావడం మాత్రం పేద దేశాల్లో ఎక్కువ. ఆ దేశాల మధ్య తేడా నాకు డెల్టాకీ మన్యానికీ మధ్య కనిపిస్తోంది. ఇది నా అభిప్రాయం మాత్రమే కావచ్చు. కాదని చెప్పడానికి మీ దగ్గరా అంకెలు లేవు కదా! దేశంలో కూడా 30 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లలో గుండెపోటు మరణాల రేటు పట్నాలను దాటి పల్లెల్లో పెరిగిందని 2018లోనే ప్రచురించారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో చెప్పిన ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో నాలుగోవంతు మందికి, మగవాళ్లలో ఇంకా ఎక్కువమందికి బీపీ ఉంది. దేశ సగటు కంటే ఇది ఎక్కువ. ఉప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మూత్రపరీక్షలతో లెక్కకట్టిన ఒక అధ్యయనంలో మన రాష్ట్రంలో మనిషి రోజుకు తొమ్మిది గ్రాములకు పైనే తింటున్నాడని తేలింది. కొండల్లో పచ్చడి, ఎండుచేప లేని పూట కష్టం, కూర వండుకునే స్తోమత లేని ఇళ్లలో మరీను. బీపీ చూస్తున్నారు, కాదనను. కానీ మాత్రలు పది రోజులకిచ్చి మళ్లీ రమ్మంటారు. సంతరోజు తప్ప కొండ దిగని మనిషి పదిరోజులు వేసుకుని మానేస్తాడు. రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడానికి ఏ చట్టం అడ్డొస్తోందో నాకు అర్థం కావడం లేదు.

ఫిన్‌లాండ్‌లో ఉత్తర కరేలియా అనే వెనకబడిన జిల్లా ఒకటుంది. దేశంలో తూర్పువైపు మగవాళ్లు పడమటివైపు వాళ్లకంటే ఎక్కువగా గుండెపోటుతో పోతున్నారని లెక్కలు చెప్పాయి. 1971 జనవరిలో ఆ జిల్లా గవర్నరు, ప్రజాప్రతినిధులు సంతకాలు పెట్టి తమ ప్రభుత్వానికి అర్జీ ఇచ్చారు. నేనిచ్చినట్టే, ఒక అర్జీ. 1972లో పెక్కా పుస్కా అనే యువ డాక్టరు చేతికి పని అప్పగించారు. ఆ జిల్లాకి ప్రత్యేకంగా గుండెపోట్ల రిజిస్టరు పెట్టారు. వెన్న, ఉప్పు, పొగాకు మాన్పించడానికి ఊరూరా తిరిగారు. నాలుగు దశాబ్దాల్లో అక్కడ పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అక్కడ అర్జీని ఎవరో చదివారు.

మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. క్యాత్ ల్యాబ్ అడగడం లేదు. మన్యంలో ఇంజెక్షన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలో రాత్రిపూట ఈసీజీ తీసే మనిషి ఉండాలి. లేదంటే డ్యూటీ నర్సులందరికీ నేర్పించండి, అది వాళ్లకి కష్టమైన విద్యేమీ కాదు. ఇంజెక్షన్ స్టాకు ఉందో లేదో ప్రతి ఆసుపత్రి గోడమీద రాయించండి. బీపీ మాత్రలు నెలల తరబడి సరిపడా ఇప్పించండి. అన్నిటికంటే ముందు, ఒక్క ఏడాది పాటు మన్యం మండలాల్లో జరిగిన ప్రతి మరణానికీ కారణం ఇంటివాళ్లను అడిగి రాయించి, ఆ లెక్కను మండలాలవారీగా బయటపెట్టండి. ఆ లెక్క వచ్చాక కూడా మా దగ్గర గుండె కేసులు తక్కువేనని తేలితే ఇంకెప్పుడూ మీకు అర్జీ పెట్టను.

ఈసారైనా రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. "పరిశీలనలో ఉంది" అని కాదు, ఎవరు చేస్తారో, ఏ నెలలోపు చేస్తారో రాయించండి.

ఇట్లు,
మన్యంలో స్థిరపడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు