భోగి మంట లేని సంక్రాంతి

సంపాదకుడు గారికి,

విదేశాల్లో సంక్రాంతి సంబరాల ఫొటోలు ఏటా మీ పేజీల్లో చూస్తున్నాం, బాగానే ఉంటాయి. ఇక్కడ జర్మనీలో డిసెంబర్ 24 మధ్యాహ్నానికే షాపులు మూసేస్తారు, 25, 26 కూడా సెలవే, పాలు ముందే కొని పెట్టుకోవాలి. వాళ్ల పండగ ఇంటి లోపల, మనదేమో వాకిట్లో, తెల్లారకముందే భోగి మంట, ముగ్గులో గొబ్బెమ్మలు, హరిదాసు. జనవరి 6 దాటాక చాలా ఊళ్లలో క్రిస్మస్ చెట్లను ఫుట్‌పాత్ మీద పెడితే మున్సిపాలిటీ బండి ఎత్తుకెళ్తుంది, ఆ ఎండుకొమ్మలు చూస్తే భోగికి ఎంత బాగుండేవో అనిపిస్తుంది (వెలిగిస్తే పోలీసులొస్తారు లెండి!). మనకు సెలవు ఉండదు కాబట్టి ఏదో ఒక శనివారం అద్దె హాల్లో సంక్రాంతి. అక్కడా పిల్లలకు భోగిపళ్లు పోయడం హడావుడిగా తేల్చేసి సాయంత్రమంతా డీజేకి అప్పగిస్తున్నారు. నిర్వాహకులారా, రేగుపళ్లు దొరక్కపోతే చాక్లెట్లే పోయండి, కానీ కాస్త తీరిగ్గా పోయనివ్వండి.

– ఒక పాఠకురాలు, మ్యూనిక్