నిరాశ్రయుల సేవలో మన సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు, దాతలకు నమస్కారం.

తిరుపతిలో రోడ్డు పక్కన పడుకునే మనిషికి అన్నం దొరకడం పెద్ద కష్టం కాదు. పుట్టినరోజులు, పెద్దల తద్దినాలు, శనివారం మొక్కులు, అన్నీ ఈ ఊళ్లో అన్నదానంతోనే తీరతాయి. 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచాక అయిదు రూపాయలు ఉంటే పూట గడుస్తుంది. ఆ మనిషికి దొరకనివి వేరే ఉన్నాయి: వానలో తడవని చోటు, పుండుకు కట్టు కట్టేవాళ్లు, ఆసుపత్రిలో పక్కన ఉండే మనిషి, తన పేరుతో ఒక కాగితం. ఈ ఏడాది సంఘం డబ్బునూ మనుషులనూ వీటి వైపు మళ్లించాం. సొంతంగా వసతి గృహం నడపడం మన శక్తికి మించిన పని. నగరపాలక సంస్థ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా ద్వారా నడిచే నిరాశ్రయుల వసతి కేంద్రాలకు, రాత్రిళ్లు తిరిగి సేవ చేసే సంస్థలకు తోడుగా నిలబడ్డాం.

ఎన్ని పొట్లాలు పంచామన్న లెక్క ఈ నివేదికలో కనబడదు. రైల్వే స్టేషను ముందు ఒకే మనిషికి ఒకే రాత్రి మూడు సంస్థల పొట్లాలు అందుతాయి, కరకంబాడి రోడ్డు చివర పడుకున్న వాళ్లకు ఒక్కటీ అందదు. పొట్లాలు లెక్కపెడితే ఈ తేడా కనబడదు. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.

ఎవరు యాత్రికులు, ఎవరు నిరాశ్రయులు

ఈ ఊరికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇదే. శ్రీనివాసం, విష్ణునివాసం, గోవిందరాజస్వామి సత్రాల చుట్టూ రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లలో ఎక్కువమంది గది దొరకని భక్తులు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి కాలు పెట్టే సందు ఉండదు. ఆ రోజుల్లో రగ్గులు పంచితే సగం బస్సెక్కి వెళ్లిపోతాయి. అందుకని మనుషులను గుర్తించే పని మంగళ, బుధవారాల్లో, రాత్రి పదకొండు దాటాక పెట్టుకున్నాం. యాత్రికులు గుంపుగా, సంచులు తల కింద పెట్టుకుని, చెప్పులు పక్కనే ఉంచుకుని పడుకుంటారు. నిరాశ్రయుడు ఒంటరిగా, గోడకు ఆనుకుని, గోతాం సంచిని కాళ్లకో చేతికో కట్టుకుని ఉంటాడు. ఆడవాళ్ల సంగతి మరీ వేరు. ఒంటరి స్త్రీలు రాత్రంతా మెలకువగా కూర్చుని పగలు నిద్రపోతారు కాబట్టి రాత్రి లెక్కలో వాళ్లు కనబడరు. వాళ్ల కోసం మధ్యాహ్నం పూట మహిళా సభ్యులు బస్టాండులో, స్టేషనులో తిరుగుతున్నారు.

రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో నెలల తరబడి ఉండిపోయే రోగుల బంధువులను కూడా ఈ ఏడాది నుంచి మన లెక్కలో చేర్చాం. ఊళ్లో ఇల్లు ఉన్నా, ఇక్కడ వాళ్లకు ఉన్నది చెట్టు కిందే.

పడుకున్నవాళ్లను లేపవలసి వస్తే కాళ్ల వైపు నిలబడి, రెండు అడుగుల దూరం నుంచి ‘తాతా’, ‘అవ్వా’, ‘అన్నా’ అని పిలవాలి. ఒంటి మీద చెయ్యి వేయకూడదు. మొహం మీద టార్చి కొట్టకూడదు. దెబ్బలు తిన్న మనిషి ఉలిక్కిపడి లేస్తే తిరగబడతాడు, తప్పు ఆయనది కాదు.

వసతి కేంద్రాలకు ఎందుకు రారు

లక్ష జనాభాకు ఒక వసతి కేంద్రం చొప్పున, ఇరవైనాలుగు గంటలూ, ఏడాది పొడవునా నడపాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. తిరుపతి జనాభా 2011 నాటికే మూడు లక్షలకు దగ్గర. ఆపైన రోజూ వచ్చే యాత్రికులు. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ప్రమాణాల ప్రకారం ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. అయినా చోటు ఉన్న రాత్రుల్లో కూడా కొందరు రారు. కారణాలు వాళ్లే చెబుతారు: సంచి పోతుందన్న భయం, భార్యాభర్తలను వేరుచేస్తారన్న బెంగ, తాగి ఉంటే రానివ్వరన్న నిబంధన, తెల్లవారుజామున పూలమార్కెట్లోనో హోటల్లోనో పనికి నడిచిపోవలసిన దూరం.

వీటిలో మొదటిదానికి మన చేతిలో మందుంది. తాళం వేసుకునే చిన్న ఇనుప పెట్టెలు కేంద్రాలకు ఇచ్చాం. తాళంచెవి మనిషి మెడలో తాడుకే ఉంటుంది. రెండోదానికి కేంద్రం నడిపేవారి దగ్గర ఉన్నది ఒకటే జవాబు, మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేరు కేంద్రాలని. దంపతులకు తడికల గదులు కట్టించమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టాం, ఇంకా తేలలేదు.

వానాకాలం పడక

మన జిల్లాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో ఈ ఊరి వీధులు ఎలా మునిగాయో సభ్యులందరికీ గుర్తే. దాతలు ప్రేమగా ఇచ్చే దళసరి ఉన్ని రగ్గు ఈ వానకు పనికిరాదు. ఒకసారి తడిస్తే బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజుల ఎండ కావాలి, ఆరేసుకోవడానికి చోటు లేదు. కంపు కొట్టాక పారేస్తారు. ఇచ్చిన వస్తువు విలువ తెలియక పారేశారని అనుకోవడం అన్యాయం.

దానికి బదులు ఇస్తున్న కట్ట ఇది: 6 × 9 అడుగుల టార్పాలిన్ పట్ట ఒకటి, పల్చటి ఫ్లీస్ రగ్గు ఒకటి, రెండు మీటర్ల నైలాన్ తాడు, మూతి బిగించే ప్లాస్టిక్ సంచి. పట్టను సగానికి మడిస్తే కింద సగం పరుపు, పైన సగం కప్పు. మూలల్లో ఇనుప కన్నాలు ఉన్నదే కొనాలి, లేకపోతే తాడు కట్టినచోట చినుగుతుంది. నేల చలి, నేల తేమ కింది నుంచే వస్తాయి కాబట్టి రగ్గు కన్నా పట్టే ముఖ్యం. డబ్బు తక్కువైతే రగ్గు ఆపి పట్ట ఇవ్వాలి. నీలం రంగు పట్టలు దూరానికి కనబడి, ఉదయం ఊడ్చేటప్పుడు చెత్తబండిలోకి పోతున్నాయి. ఈసారి ముదురు పచ్చ, గోధుమ రంగులవి తెప్పిస్తాం.

అన్నం గురించి

పంపిణీ పూర్తిగా మానలేదు. ఎవరూ పోని చోట్లకు మాత్రం వండి తీసుకెళ్తున్నాం. వేడి సాంబారన్నం ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి కట్టడం ఊరంతా జరిగే పొరపాటు. ఆవిరి లోపలే నిలిచి మూడు నాలుగు గంటల్లో పాచి వాసన వస్తుంది. తీసుకున్నవాళ్లు దాన్ని మరుసటి పూటకు దాచుకుంటారు, అక్కడ విరేచనాలు పట్టుకుంటాయి. మనం పులిహోర చేస్తున్నాం. నూరు మందికి 10 కిలోల బియ్యం, కిలోంబావు చింతపండు, లీటరున్నర వేరుశనగ నూనె, పావుకిలో ఉప్పు, 50 గ్రాముల పసుపు. అన్నాన్ని శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఆవిరి పోయాకే పులుసు కలపాలి, తరువాత విస్తరాకులో కట్టాలి.

పళ్లు లేని ముసలివాళ్లు పులిహోరలోని పప్పులు, వేరుశనగ గింజలు నమలలేక పక్కన పెట్టేస్తారు, ఉన్న బలమంతా అందులోనే పోతుంది. వాళ్లకు కట్టె పొంగలి: బియ్యం రెండు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు, నీళ్లు అయిదింతలు, మిరియాలు గింజలుగా వేయకుండా పొడి కొట్టి. వేసవిలో రాగి అంబలికి మించింది లేదు. కిలో పిండి ముందు రాత్రే కలిపి పులియబెట్టి, పదిలీటర్ల నీళ్లలో కాచి, చల్లారాక మూడు లీటర్ల మజ్జిగ, ఉప్పు కలిపితే యాభై గ్లాసులకు తక్కువ కాదు. ఎండదెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషికి మాత్రం నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, తడిగుడ్డ చుట్టి, విసురుతూ 108కి ఫోను చేయండి.

పుండ్లు, గజ్జి, దగ్గు

చక్కెర జబ్బుతో కాలి పుండు, దాంట్లో పురుగులు. రాత్రి జట్టుకు తరచు ఎదురయ్యేది ఇదే. కిరోసిను, పెట్రోలు, పసుపు, సున్నం ఏవీ పోయవద్దు, పుండు ఇంకా పాడవుతుంది. తాగే నీళ్లతో తడిపిన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి రుయాకు తీసుకెళ్లాలి. పురుగులు చేత్తో లాగితే తెగి లోపలే మిగిలిపోతాయి.

గజ్జి ఒక్కరికి వైద్యం చేసి వదిలితే పక్కవాళ్ల నుంచి మళ్లీ వస్తుంది. డాక్టరు రాసిచ్చిన పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందులతో సహా, రాత్రికి పూసి పొద్దున స్నానం చేయించాలి. వారానికి మళ్లీ ఒకసారి. పెద్దవాళ్లకు పూతకు 30 గ్రాముల ట్యూబు ఒకటి పడుతుంది. పక్కపక్కన పడుకునే వాళ్లందరికీ ఒకే రాత్రి పూయాలి. ఉతకలేని బట్టలు, రగ్గులు ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు బిగించి ఉంచితే పురుగు చస్తుంది. మందు పనిచేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే రోజూ పూసుకుని చర్మం పాడుచేసుకుంటారు. గుండు, గడ్డం చేయించేటప్పుడు తలకొక కొత్త బ్లేడు, మినహాయింపు లేదు.

రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష ఉచితం, క్షయ మందులూ ఉచితం. చికిత్సలో ఉన్నంతకాలం నిక్షయ్ పోషణ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా లేనివాడికే ఆ డబ్బు ఎక్కువ అవసరం, అందుకే మందు మొదలైన వారంలోనే ఖాతా పని కూడా మొదలుపెడుతున్నాం.

ఆసుపత్రిలో తోడు

ఈ ఏడాది చేసిన పనుల్లో ఇది అన్నిటికన్నా విలువైనదని కార్యవర్గం అభిప్రాయం. వార్డులో పడక దొరికినా, స్కానింగుకు బండి తోసేవాళ్లు, రక్తం శాంపిలు ల్యాబుకు అందించేవాళ్లు, బెడ్‌ప్యాన్ తీసేవాళ్లు లేకపోతే రోగి రెండో రోజే లేచి వెళ్లిపోతాడు. మన సభ్యులు వంతులవారీగా కూర్చుంటున్నారు. తోడు వెళ్లేవారి సంచిలో ఇవి ఉండాలి: పళ్లెం, గ్లాసు, రెండు లుంగీలు లేదా నైటీలు, తువ్వాలు, సబ్బు, చెప్పులు, చీటీలన్నీ పెట్టే ప్లాస్టిక్ ఫైలు. పేరు చెప్పలేని రోగి అయితే ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టులో నమోదు చేయించాలి. డిశ్చార్జి సాయంత్రం చేస్తే వసతి కేంద్రం నిండిపోయి ఉంటుంది, ఉదయం చేయమని డ్యూటీ డాక్టరును ముందురోజే అడగండి.

మతిస్థిమితం తప్పి తిరుగుతున్నవాళ్ల విషయంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ స్పష్టంగా ఉంది. వాళ్లను రక్షణలోకి తీసుకోవడం, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం, తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకడం స్టేషను అధికారి బాధ్యత. ఆ పేజీ జిరాక్సు రాత్రి జట్టు దగ్గర ఉంటుంది. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ ఫోను 14416, వృద్ధుల సాయానికి 14567.

ఊరు వెతకడం

తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చి తప్పిపోయినవాళ్లు, కొండకు తీసుకొచ్చి వదిలేయబడినవాళ్లు ఇక్కడ ఎక్కువ. ‘ఎంద ఊరు’, ‘యావ ఊరు’ అని అడగగల సభ్యులు ప్రతి జట్టులో ఒకరైనా ఉండాలి. మరపు వచ్చినవాళ్లకు ఊరి పేరు గుర్తురాదు, కానీ సంత ఏ వారమో, గుడిలో దేవుడెవరో, పంట ఏమిటో, ఏ బస్సు వచ్చేదో చెబుతారు. అవి అలాగే రాసుకోండి. తలనీలాలు ఇచ్చిన మనిషి ఫోటో ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేరు. గుండుతో ఉన్న ఫోటోతో బాటు పచ్చబొట్టు, పుట్టుమచ్చ, చెవి కుట్లు, పాత మచ్చలు దగ్గరగా తీయాలి. ఫోటోలు పోలీసులకూ వసతి కేంద్రానికీ తప్ప వాట్సాప్ గ్రూపులకు పంపవద్దు. కొట్టే భర్త నుంచి, ఆస్తి రాయించుకున్న కొడుకు నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు. వెళ్తానని మనిషి ఒప్పుకున్నాకే, ఇంట్లోవాళ్లు వచ్చి సంతకం పెట్టాకే పంపాలి. టికెట్టు కొని ఒంటరిగా రైలెక్కించడం సేవ కాదు.

ఎవరూ రాకుండానే చనిపోయినవాళ్లకు పోలీసు పంచనామా, శవపరీక్ష అయ్యాక అంత్యక్రియలకు సంఘం తరఫున నిలబడ్డాం. ఊరూ పేరూ తెలియనివారిని ఖననం చేయమని అడుగుతున్నాం, తరువాత బంధువులు వస్తే గుర్తించడానికి ఆధారం మిగులుతుంది.

కాగితాలు, విరాళాలు

ఆధార్ పోగొట్టుకున్నవాళ్లు కొత్తదానికి దరఖాస్తు చేస్తే తిరస్కరిస్తారు, పాత నంబరు వేలిముద్రతో వెతికించాలి. పని చేసి అరిగిన వేళ్లు పట్టకపోతే కంటిపాపతో తీయమనండి. అసలు లేనివాళ్లకు గుర్తింపు ఉన్న వసతి కేంద్రం అధిపతి ఆధార్ సంస్థ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చాలు. ఆధార్ ఉంటే ఎన్టీఆర్ భరోసా పింఛను, రేషను, వైద్య సేవ వెతుక్కోవచ్చు. సొంత ఊళ్లో పింఛను ఉండి ఇక్కడ తిరుగుతున్నవాళ్లను ముందు కనుక్కోండి. నెలల తరబడి తీసుకోకపోతే అది ఆగిపోతుంది.

విరాళం రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకండి, ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు భారత పౌరులై ఉంటే బ్యాంకు ద్వారా పంపవచ్చు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపే డబ్బు విదేశీ విరాళమే, అనుమతి లేని మన సంఘం దాన్ని తీసుకోలేదు. పాత చీరలు, పట్టుబట్టలు వద్దు. కావలసినవి: కొత్త లోదుస్తులు, లుంగీలు, నైటీలు, 7 నుంచి 10 సైజు రబ్బరు చెప్పులు, శానిటరీ ప్యాడ్లు. రుయా వంతులకు పగటిపూట ఖాళీ ఉన్న విశ్రాంత ఉద్యోగులు, తమిళం లేదా కన్నడం వచ్చినవాళ్లు ఎక్కువగా కావాలి. టార్పాలిన్ పట్టలకు డబ్బు సెప్టెంబరు లోపల అందితే వానలకు ముందే కట్టలు సిద్ధమవుతాయి.