బోరు నీళ్ల పరీక్ష – సోమవారం పొద్దున

అందరికీ నమస్కారం. నెల్లూరు పెరిగి పెరిగి మన పొలాల మీదికొచ్చింది. ప్లాట్లు, మేడలు లేచాయి, భూగర్భ డ్రైనేజీ మాత్రం మన వీధిదాకా రాలేదు. ఇంటికో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే బోరు. పెన్న ఒడ్డు ఇసుక నేల కదా, ట్యాంకు నుంచి ఇంకే మురుగు తొందరగా కిందికి దిగుతుంది. దాంతోపాటే నైట్రేటు (మురుగులోంచి వచ్చే ఒక లవణం), క్రిములు.

నిన్న టీడీఎస్ మీటరు ఫోటో పెట్టి "నీళ్లు బ్రహ్మాండం" అన్న అన్నకు: ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది, అంతే. నైట్రేటును విడిగా చూపదు, క్రిములనైతే అసలు పట్టుకోదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేటు పసిబిడ్డలకే ఎక్కువ ప్రమాదం, అందుకే వాళ్లకు డబ్బాపాలు కలిపేవాళ్లు రిపోర్టు వచ్చేదాకా బోరు నీళ్లు వాడొద్దు.

సోమవారం మోటారు ఐదు నిమిషాలు వదిలి, ఆ తర్వాత నీళ్లు పట్టండి. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే సీసానే వాడాలి, కూల్‌డ్రింకు సీసాలు పనికిరావు. అదే రోజు ల్యాబుకు చేర్చాలి.

ఎండిన బోరులోకి మురుగు గొట్టం తిప్పినవాళ్లు ఈ వారమే తీసేయండి. ఎవరో చెప్పను, వాళ్లకే తెలుసు. సోమవారం పరీక్షకు వచ్చేవాళ్లు ఇంటి నంబరు ఇక్కడే పెట్టండి.