సిరి దొరికింది. ఆ పెద్దావిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే

రెండు రాత్రులుగా నిద్ర లేదు, రాసేదాంట్లో తప్పులుంటే ఏమనుకోవద్దు. తప్పిపోయిన మా కుక్క, ఆఫ్ఘన్ హౌండ్ జాతి సిరి దొరికింది. ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకుంది, పాదాలకు కట్లు ఉన్నాయి, కానీ దాని ఊపిరి వినబడుతోంది.

తప్పు నాదే. దీని తల సన్నం, మెడ దాదాపు అంతే లావు, వెనక్కి గుంజుకుంటే మామూలు కాలర్ ఇట్టే జారిపోతుంది. అందుకే లాగితే బిగుసుకునే మార్టింగేల్ కాలర్ వాడతాం. ఆ రోజు దాన్ని ఉతికి ఆరేసి, పది నిమిషాలకేగా అని పాతది వేసి తీసుకెళ్ళాను. కుందేలు కనబడింది, అంతే. కంటితో చూసి వేటాడే జాతి, గంటకు 60 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు, ఆ క్షణంలో నా గొంతు దానికి చేరదు.

వెతికినవాళ్ళందరం పేరు పెట్టి అరుస్తూ వెంటపడ్డాం, అది ఇంకా బెదిరిపోయింది. రెండో రోజు సాయంత్రం మేం అంటించిన కాగితం చూసిన ఒక పెద్దావిడకు పొదల దగ్గర కనబడిందట. ఆవిడ పిలవలేదు, దగ్గరికీ పోలేదు. పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, అటు తిరిగి నేల మీద దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. చీకటి పడ్డాక అదే మెల్లగా వచ్చి ఆవిడ వీపుకు ఆనుకుని పడుకుందట.

నేను వెళ్ళేసరికి సిరి తల ఆవిడ ఒళ్ళో ఉంది. చెవుల జుట్టు నిండా పల్లేరు కాయలు. కత్తెరతో కత్తిరించేద్దామన్నాను. "ఇన్నేళ్ళు పెంచుకున్నావు కదమ్మా, నేను తీస్తాగా, నువ్వు కాసేపు కూర్చో" అన్నారు. ఆ జుట్టు పూర్తిగా రావడానికి రెండు మూడేళ్ళు పడుతుందని, వారం వారం స్నానం చేయించి పాయ పాయ విడదీసి చర్మం దాకా దువ్వుతామని ఆవిడకు ఎవరు చెప్పారో! ఒక్కో ముల్లూ వేళ్ళతో తీస్తుంటే చూసి నేను అక్కడే ఏడ్చేశాను. ఇది రాస్తుంటే మళ్ళీ వస్తోంది.

డాక్టరు గారికి కూడా నమస్కారం. ఈ జాతి కుక్కల ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందులు తొందరగా దిగవు. నేను చెప్పకముందే ఆలోచించి మందు ఎంచుకున్నారు, చల్లబడకుండా దుప్పటి కప్పి పక్కనే కూర్చున్నారు.

కానీ కుక్క ఎవరిదో తెలియడానికి పెట్టే ఆ మైక్రోచిప్ సంగతి చెప్పకుండా ఉండలేను. 15 అంకెల నంబరు చర్మం కింద ఉండి ఏం లాభం, నేను ఫోన్ నంబరు మార్చమని రెండుసార్లు రాసినా రికార్డులో ఇంకా పాత యజమాని ఫోనే ఉంది. ఫోన్ చేస్తే ఇంకొకరికి చేయమంటారు, వాళ్ళు మళ్ళీ మొదటివాళ్ళకే పంపిస్తారు. తప్పిపోయిన ప్రాణికి అన్ని గంటలు ఎక్కడివి?

మా ఆయన, అమ్మ, తమ్ముడు సరేసరి, వాళ్ళూ పడుకోలేదు.

అయ్యో, కాగితాలు అంటించిన ఎదురింటి పిల్లల్ని మర్చిపోయాను! క్లినిక్‌లో రాత్రి తలుపు తీసిన అబ్బాయిని కూడా. మొదటి రాత్రి టార్చి ఇచ్చి వెళ్ళిన అన్నా, మీ పేరు అడగలేదు, టార్చి నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్ళండి.